శుక్రవారం వేయని చుక్కలు

సోమవారం ఉదయం పదిన్నరకు నర్సీపట్నంలో కృపామణి టీచరుగారి ఇంటి ముందు రిక్షా దిగేసరికి నాకు మిగిలింది ఐదున్నర గంటలు. సాయంత్రం నాలుగింటికి సింగన్నను కోర్టుకు తీసుకెళ్తారు. హత్యానేరం మీద జైలు గేటు దాటినవాణ్ణి బయటికి తేవాలంటే నెలలు పడుతుంది. నాకు నెలలు పట్టే పనులు నచ్చవు.

సింగన్న ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసేవాడు. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ఇక్కడి కలప డిపోకి వచ్చి, బొమ్మలకు వాడే అంకుడు కర్ర పగిలినది అంటగట్టారని యజమాని పెదబాబుతో పదిమంది ముందు గొడవపడ్డాడు. పగులు ఎంత లోతుందో ఉలి గుచ్చి మరీ చూపించాడు. కోపంలో ఉలిని అక్కడే వదిలేసి పోయాడు. ఆరూ పదికి సోడా కొట్టువాడు పెదబాబును ప్రాణాలతో చూశాడు. ఆరూ నలభై ఐదుకు పెదబాబు డిపో వెనక గదిలో చచ్చిపడి ఉన్నాడు. గుండెలో ఆ ఉలే ఉంది. పోలీసులకు ఇంకేం కావాలి? ఆదివారం సాయంత్రం సింగన్నను పట్టుకున్నారు.

ఈ ఉదయం ఆరింటికే అతని భార్య సోమలమ్మ అనకాపల్లిలో నా ఆఫీసు తలుపు తట్టింది. "నా పెనిమిటి సీమక్కూడా సెయ్యెత్తడమ్మా" అని ఏడ్చింది. ఏడుపులకు నేను కరగను. "ఒక టీచరమ్మ అసలోణ్ణి సూసిందంటమ్మా, పోలీసోలు నమ్మట్లేదంట" అన్న మాటకు మాత్రం చెప్పులు వేసుకున్నాను.

నా పేరు పరిమళ. పదకొండేళ్లు విశాఖపట్నంలో కంటి వార్డు నర్సుని. ఆరేళ్లుగా ప్రైవేటు డిటెక్టివ్‌ని. ఆడదానివి, నీకెందుకమ్మా ఈ పని అని అడిగినవాళ్లలో సగంమంది తరవాత నా దగ్గరికే కేసులు పట్టుకొచ్చారు.

కృపామణిగారు మిషన్ స్కూల్లో రిటైరైన టీచరు. యాభై ఎనిమిదేళ్లు. భర్త లేడు. కిటికీ పక్క పేము కుర్చీలో నిటారుగా కూర్చుని, నన్ను ఎగాదిగా చూశారు.

"నువ్వు మన చర్చి సంఘం పిల్లవేనటగదా?"

"అవునండీ. సంఘం సంగతి తరవాత. శుక్రవారం ఏం చూశారో చెప్పండి. ఊహించింది వద్దు. చూసిందే కావాలి."

"ఆరున్నరకి గుళ్లో ప్రార్థన. బైబిలు పట్టుకొని బయల్దేరబోతూ ఈ కిటికీ కాడ నిలబడ్డాను. డిపో వెనక గేటు తీసుకొని మందుల కొట్టు అప్పాజీ బయటికొచ్చినాడు. తాళం ఏసినాడు. ఇటు తిరిగి నన్ను సూసినాడు. సైకిలెక్కి పోయినాడు. అతను మలుపు తిరగడవేఁటి, గుడి గంట మోగడవేఁటి."

"మిమ్మల్ని చూసి కంగారుపడ్డాడా?"

"అదేనమ్మా నాకూ వింతగా ఉన్నాది. కంగారే లేదు. గోడని సూసినట్టు సూసి, సొక్కా సేతులు మడుసుకొని మరీ ఎక్కినాడు."

ఆ ముక్కను నేను నోటుబుక్కులో రాసి, కింద రెండు గీతలు గీశాను. పక్క గదిలో మనిషి గుండెలో ఉలి దింపి వచ్చినవాడు ఒక సాక్షి ఎదుట చొక్కా చేతులు మడుచుకున్నాడంటే, ఆ సాక్షి కళ్లను అతను లెక్కచేయలేదన్నమాట.

"మరి పోలీసులకేం నొప్పి?"

ఆవిడ గోడవైపు చూపించారు. మేకుకు ఒక అట్టకార్డు వేలాడుతోంది. దానికి దారంతో ఒక పెన్సిలు కట్టి ఉంది.

ఆవిడకు కంటిలో ఒత్తిడి జబ్బు. కంట్లోని నీరు బయటికి పోయే దారి ఇరుకు. నీరు లోపలే ఆగితే ఒత్తిడి పెరిగి చూపు నరం చచ్చిపోతుంది. అందుకు విశాఖ డాక్టరు పైలోకార్పిన్ చుక్కలు రాశాడు. రెండు కళ్లకీ రోజుకు నాలుగుసార్లు: ఉదయం ఆరు, మధ్యాహ్నం పన్నెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. వేసుకున్నప్పుడల్లా కార్డు మీద టిక్కు పెట్టమన్నాడు.

"ఆ సుక్క ఏసుకుంటే కంటిపాప సూదిమొనంత అయిపోతాదట. మసక ఎలుతుర్లో మనుసుల్ని పోల్చలేరట. శనివారం సర్కారు డాక్టరు చేత కాయితం కూడా రాయించినాడు ఇన్‌స్పెక్టరు. ఆరింటికి సుక్క ఏసుకున్నట్టు నా కార్డే సెప్తోందంట, ఆరూ పాతిక్కి నానెలాగ సూస్తానంట. పొద్దున్న ఎనిమిదింటికొచ్చి నా సీసా కూడా సాక్ష్యం కింద పట్టుకుపోయినాడు. తొమ్మిదిన్నరకి బదులు సీసా పంపించినాడులే."

నాకు ఒళ్లు మండింది, ఎందుకంటే ఇన్‌స్పెక్టరు చెప్పింది నిజం. పదకొండేళ్లలో వందమంది రోగులు చీకటి పడే వేళకు వార్డు గుమ్మానికి తల కొట్టుకోవడం చూశాను నేను. ఆరింటికి ఆ చుక్క వేసుకున్న మనిషి ఆరూ పాతికకు ఆ గేటు దూరంలో మొహం పోల్చడం కల్ల. అంటే ఈవిడ అయినా అబద్ధం చెబుతోంది, లేదా ఈ కార్డయినా అబద్ధం చెబుతోంది.

కార్డు తీసి వెలుతుర్లో పెట్టుకున్నాను. గురువారం నాలుగు టిక్కులు నాలుగు రకాలుగా ఉన్నాయి. ఉదయంది వంకర, మధ్యాహ్నందానికి పసుపు మరక, సాయంత్రంది మసకలో గీత దాటి పక్క గడిలోకి పోయింది, రాత్రిది కనీకనపడనట్టు ఉంది. బుధవారమూ అంతే. శుక్రవారం దగ్గర నా వేలు ఆగింది. దాని ముందు శుక్రవారం చూశాను, ఆ ముందువన్నీ కూడా చూశాను. కార్డు మళ్లీ మేకుకు తగిలించాను.

"అరగంటలో వస్తాను. ఎవరొచ్చినా ఇంట్లోనే ఉండండి" అని చెప్పి డిపోకి నడిచాను. కిటికీ నుంచి వెనక గేటుకు నా అడుగులు ఇరవై రెండు. మధ్యలో చెట్టూ లేదు, గోడా లేదు.

గేటు దగ్గర కానిస్టేబుల్ బాలన్న కాపలా ఉన్నాడు. నెల్లాళ్ల కిందట నేను అతని తల్లికి కంటి ఆపరేషన్ కుదిర్చాను. అందుకని పది నిమిషాలపాటు అతనికి అటువైపు పని పడింది.

వెనక గదిలో రక్తపు మరక ఎండి నల్లబడింది. దాన్ని అందరూ చూసేశారు కాబట్టి నాకు దాంతో పనిలేదు. కింద చెక్కపలకల నేల. మూలగా ఉన్న బల్ల కింద పలకల సందుల్లో తెల్లటి పెచ్చులు కనిపించాయి. గోటితో తీసి వాసన చూశాను. మైదా జిగురు. దాంతోపాటు సన్నగా చుట్టుకుపోయిన కాయితం తురుము. బ్లేడుతో గీకి తీసిన లేబుల్ ముక్కలవి. రెండిటి మీద తేదీల అంకెలు సగం సగం ఉన్నాయి.

"ఈ గది ఎవరిది బాలన్నా?"

"డిపోదేనండి. దసరాల కాణ్ణించీ అప్పాజీబాబు మందుల పెట్టెలు ఎట్టుకుంటన్నారు. మొన్న లచ్చివారం పెదబాబుగారు 'నీ పెట్టెలు తీసెయ్యి, నా గదిలో ఇలాటి పనులొద్దు' అని కేకలేసినారండి. నానే ఇన్నాను."

"ఇన్‌స్పెక్టరుగారికి చెప్పావా?"

"అడగలేదండి."

తురుమూ పెచ్చులూ ఒక కవరులో పోసి, బాలన్నను సాక్షిగా సంతకం పెట్టమన్నాను. పెట్టాడు. పెదబాబు దేనికి చచ్చాడో నాకు తెలిసిపోయింది. గడువు తీరిన మందులకు అప్పాజీ కొత్త తేదీల లేబుళ్లు అంటిస్తున్నాడు. అది పెదబాబు కంటబడింది. కానీ నేను తెలుసుకున్నది వేరు, నాలుగింటికి జడ్జిగారు నమ్మేది వేరు. ఆయన నమ్మాలంటే కృపామణిగారి కళ్లు కావాలి.

నేను తిరిగొచ్చేసరికి పదకొండూ నలభై. సర్కిల్ ఇన్‌స్పెక్టర్ బంగారురాజు నేను ఖాళీచేసిన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నిజాయితీపరుడే. ఒకసారి అనుకున్నది మార్చుకోవడం మాత్రం అతని ఒంటికి పడదు. గత ఏడాది ఒక దొంగతనం కేసులో నా చేతిలో భంగపడ్డాడు. ఆ మంట ఇంకా ఉంది.

"రండి నర్సమ్మగారూ. ఇంజెక్షన్ ఎవరికి ఈసారి?"

"మీకే. కొంచెం నొప్పిగా ఉంటుంది, ఓర్చుకోండి."

"ఈవిడ ఆరింటికి చుక్క వేసుకుందా లేదా? అంతవరకు చెప్పండి. మీరు కంటి వార్డులో పని చేసినవాళ్లే కదా."

"వేసుకుంటే చూడలేరు. మీ డాక్టరు సరిగ్గానే రాశాడు."

అంత సులువుగా ఒప్పుకుంటానని అనుకోలేదేమో, నవ్వడం మానేశాడు. నేను కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదిగో గురువారం. నాలుగు టిక్కులూ నాలుగు వేళల్లో పెట్టినవి, ఒకదానికి ఒకటి పోలిక లేదు. ఇప్పుడు శుక్రవారం చూడండి. నాలుగూ ఒకే ఒంపు, ఒకే నొక్కుడు. ఒక్క ఊపులో గబగబా పెట్టేసినవి. ఈ శుక్రవారమే కాదు, వరసగా ఏడు శుక్రవారాలూ అంతే." ఆవిడ వైపు తిరిగాను. "టీచరుగారూ, మా అమ్మ కూడా శుక్రవారం స్త్రీల ఉపవాసం ఉండేది. ప్రార్థన అయ్యేదాకా ఉమ్మి కూడా మింగేది కాదు. మీరు శుక్రవారం చుక్క వేసుకోరు. అవునా?"

ఆవిడ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లు పిల్లలకు అబద్ధమాడకూడదని చెప్పిన మనిషి. ఆ క్షణంలో నాకు ఆవిడ మీద జాలీ కోపమూ రెండూ వచ్చాయి.

"సేదమ్మా" అన్నారు చివరికి. "సుక్క ఏసిన కాసేపటికి గొంతులోకి సేదు దిగుతాది. నోట్లో పోసుకున్నట్టే గదా. మందు మింగినాక ఉపవాసమెక్కడుంది? స్త్రీల సమాజానికి ప్రెసిడెంట్ని. మంచినీళ్లు కూడా తాగొద్దని నానే అందరికీ సెప్తాను. గురువారం రాత్రి ఏసుకున్నది, మళ్లా శుక్రవారం ప్రార్థన అయ్యి ఇంటికొచ్చినాకే. డాక్టరుగారేమో ఒక్క పూట తప్పినా ఊరుకోనన్నారు. ఆయనకి ఏం మొహం సూపించనూ? అందుకని రాత్రి కూకొని నాలుగూ పెట్టీసేదాన్ని."

"మరి మొన్న శనివారం ఈయనకెందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది."

నేను ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను. "గురువారం రాత్రి పదికి వేసిన మందు శుక్రవారం సాయంత్రానికి ఏమీ మిగలదు. ఆరూ పాతికకు ఈవిడ కంటిపాపలు మీవీ నావీ లాగే ఉన్నాయి. చూశారు. గుర్తుపట్టారు."

బంగారురాజు లేచి చప్పట్లు కొట్టాడు. మూడే మూడు చప్పట్లు.

"బాగుంది. ఇవాళ మీరొచ్చారు, ఇవాళే ఆవిడకి ఉపవాసం గుర్తొచ్చింది. సరే, నమ్మానే అనుకోండి. కోర్టులో వకీలు ఏమంటాడు? అమ్మా, ఏడు వారాలు డాక్టరుకి అబద్ధం రాసిచ్చిన చెయ్యి ఇది, ఈ నోరు మాత్రం నిజం చెబుతుందని ఏమిటి నమ్మకం, అంటాడు. చెప్పండి టీచరుగారూ, ఏం చెబుతారు?"

ఆవిడ తల దించేసుకున్నారు. దెబ్బ సరిగ్గా తగలవలసినచోట తగిలింది. అతను తెలివైనవాడని నేనెప్పుడూ కాదనలేదు.

"వకీలు సంగతి తరవాత. మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను" అన్నాను. "ఈవిడ చుక్కలు వేసుకుంటుందనీ, చుక్క పడితే చూపు ఆనదనీ మీకు మొట్టమొదట చెప్పిందెవరు?"

"ఎవరైతేనేం?"

"అప్పాజీ. అవునా? హంతకుడని ఈవిడ ఎవరి పేరు చెప్పిందో, అతనే వచ్చి పాపం ఆవిడకు కళ్లు కనపడవండీ అని చెవిలో వేశాడు. మీరు డాక్టరు దగ్గరికి పరిగెత్తారు. ఊళ్లో ఈ చుక్కలు అమ్మేది అతనొక్కడే. వేళలు అతనికి తెలుసు. ఆ గేటుకు ఎదురుగా ఉన్నది ఒక్క ఈ కిటికీ. ఆరింటికి ఈ కళ్లు మూతపడినట్టేనని లెక్కకట్టి ఆరూ పదికీ పాతిక్కీ మధ్య పని కానిచ్చాడు. అందుకే ఈవిడ ఎదట తాపీగా చొక్కా చేతులు మడుచుకున్నాడు. అతనికి ఈ సంఘం ఉపవాసాల సంగతి తెలియదు. అంతే అతను చేసిన పొరపాటు."

కవరు విప్పి పెచ్చులూ తురుమూ చూపించాను. ఇన్‌స్పెక్టరు వంగి చూశాడు, తల అడ్డంగా ఊపాడు. "ఊహ. బొమ్మల పెట్టెలకి కూడా మైదానే వాడతారు."

అప్పుడే పన్నెండు గంటల సైరను మోగింది. కృపామణిగారు అలవాటు కొద్దీ లేచారు. ఎవరు గెలిచారో ఓడారో ఆవిడకు పట్టలేదు. చేతులు కడుక్కొచ్చి, బల్ల సొరుగులోంచి కొత్త సీసా తీశారు.

"ఆగండి" అన్నాను. "ఇంక ఒక్క శుక్రవారం కూడా మానకూడదు మీరు. ఈ జబ్బు నొప్పి చెప్పి రాదు. మానిన ప్రతిరోజూ నరం కొంచెం కొంచెం చస్తుంది. చచ్చింది తిరిగి రాదు. దేవుడి పేరు చెప్పి కళ్లు పోగొట్టుకుంటానంటే నేనూరుకోను."

"మరి ఆ సేదో?"

"కంటి మూల నుంచి ముక్కులోకి సన్నటి దారి ఉంది. ఏడిస్తే ముక్కు కారేది అందుకే. మందు ఆ దారినే గొంతులోకి దిగుతుంది. దాన్ని మూసెయ్యాలి. కూర్చోండి. తల వెనక్కి. కింది రెప్ప వేలితో లాగండి. సీసా మొన రెప్పకు తగలకూడదు. ఒక్క చుక్కే, రెండోది దండగ. ఇప్పుడు కళ్లు మూసుకుని, ముక్కు పక్కన ఈ మూల వేలితో నొక్కి పట్టండి. రెండు నిమిషాలు. గడియారం చూడక్కర్లేదు, పరలోక ప్రార్థన నెమ్మదిగా నాలుగుసార్లు చెప్పుకోండి. తరవాతే రెండో కన్ను."

ఎడమ కంట్లో చుక్క పడింది. ఆవిడ మూల నొక్కి, పెదవులు కదుపుతూ కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు విసుగ్గా టోపీ తిప్పుతున్నాడు. నేను వాచీ చూస్తున్నాను. రెండు నిమిషాల తరవాత ఆవిడ కళ్లు తెరిచి, చిన్నపిల్లలా నాలుక చప్పరించారు.

"సేదు లేదు! పరిమళా, గొంతులోకి ఏటీ రాలేదు!"

అంత సంబరం ఆవిడ మొహంలో చూసి నేనూ నవ్వాను. కన్నీళ్లతో తడిసిన వేళ్లతోనే ఆవిడ మళ్లీ సీసా ఎత్తి కుడికంటి మీదికి తెచ్చారు. అప్పుడు చూశాను. బొటనవేలి కింద లేబుల్ జరిగింది.

ఎగిరి ఆవిడ మణికట్టు పట్టుకున్నాను. సీసా లాక్కున్నాను. మందుల కంపెనీ మిషను అంటించిన లేబుల్ తడి వేలికి జరగదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మైదా వాసన. గోటితో అంచు లేపాను. పైలోకార్పిన్ అని ఉన్న కాయితం పొరలా ఊడొచ్చింది. కింద అసలు లేబుల్ ఉంది.

అట్రోపిన్.

మా వార్డులో ఆ మందును ఈ రోగుల బీరువాలో పెట్టనిచ్చేవాళ్లం కాదు. పైలోకార్పిన్ పాపను కుదించి నీటి దారి తెరుస్తుంది. ఇది పాపను బార్లా తెరిచి ఆ దారిని మూసేస్తుంది. దీని ప్రభావం వారం దాటినా పోదు. ఇరుకు దారి ఉన్న కంట్లో ఒక్క చుక్క చాలు, ఒత్తిడి ఒక్కసారిగా పెరిగిపోవడానికి. రోజుకు నాలుగుసార్లు, రెండు కళ్లకీ అయితే రేపటికల్లా ఈవిడ కోర్టులో తన చేతిని తానే గుర్తుపట్టలేరు.

"ఇన్‌స్పెక్టరుగారూ, ఈ సీసా ఎవరు తెచ్చారు?" అని అడిగాను.

"మా... మేమే. పాతది సీజ్ చేశాం కదా, ఆవిడకి ఇబ్బంది కాకూడదని బాలన్నని కొని తెమ్మన్నాను."

ఇన్‌స్పెక్టరు జీపు చూసి గేటు దగ్గర్నుంచి వచ్చిన బాలన్న గుమ్మంలోనే ఉన్నాడు. మొహంలో నెత్తురుచుక్క లేదు. "అప్పాజీబాబు కొట్లోనే తెచ్చినానండి. ఎవురికని అడిగినారు. టీచరమ్మగారికని సెప్పినాను. లోపలికెల్లి పది నిమిసాలుండి తెచ్చిచ్చినారు. అమ్మా, నాకేటీ తెల్దమ్మా!"

బంగారురాజు ఊడిన లేబుల్నీ, కింది లేబుల్నీ, నా కవర్లో ఉన్న పెచ్చుల్నీ వరసగా చూశాడు. సాక్షి కళ్లు పొడవడానికి హంతకుడు పోలీసు చేతినే వాడుకున్నాడని అతనికి అర్థమైంది. మనిషిని మెచ్చుకోవాలి, ఒక్క సాకు కూడా చెప్పలేదు.

"జీపు! బేగి!" అని అరిచాడు.

పన్నెండూ పన్నెండుకు సర్కారు ఆసుపత్రి చేరాం. డాక్టరు ఒత్తిడి తగ్గే మాత్రలు మింగించి, ఉత్తరం రాసిచ్చి, మూడు గంటల్లోపు విశాఖ కంటి ఆసుపత్రిలో ఉండాలన్నాడు. ఆవిణ్ణి మళ్లీ జీపెక్కిస్తుండగా ఎదురుగా ఉన్న మందుల కొట్టు మెట్లు దిగి ఒక మనిషి మావైపు వచ్చాడు. పొడగరి. తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు. పేరు అడగనక్కర్లేకపోయింది.

"అయ్యో టీచరుగారూ, ఏటైందండీ? పన్నెండింటి సుక్క ఏసుకున్నారా?"

ఇన్‌స్పెక్టరు నోరు తెరవబోయాడు. నేను అతని మోచెయ్యి నొక్కాను. లేబుల్ మళ్లీ సరిగ్గా కప్పి, సీసా అప్పాజీ చేతిలో పెట్టాను.

"ఒక కంట్లో వేసుకున్నారండీ. రెండో కంట్లో వేసుకోవడానికి భయపడుతున్నారు. మందు తేడాగా ఉందంటున్నారు. మీరు పెద్దమనిషి. మీ కంట్లో ఒక చుక్క వేసుకుని చూపిస్తే ఆవిడకి ధైర్యం వస్తుంది."

"నాకెందుకమ్మా? రోగం లేనోడికి మందా?" అని నవ్వాడు.

"పైలోకార్పిన్ అయితే ఏముంది, కాసేపు మసక. మీకు తెలియనిదా? శనివారం ఇన్‌స్పెక్టరుగారికి మీరే కదా పాఠం చెప్పారు."

ఆసుపత్రి గేటు దగ్గర చీటీల కోసం నిలబడ్డవాళ్లు ఇటు తిరిగి చూస్తున్నారు. అప్పాజీ బొటనవేలు లేబుల్ మీద పడింది. లేబుల్ జారింది. అతను కిందికి చూశాడు, పైకి చూశాడు, ఇన్‌స్పెక్టరు మొహం చూశాడు. సీసాను పక్క కాలవలోకి విసరడానికి చెయ్యెత్తాడు. ఆ చెయ్యి పైన ఉండగానే బంగారురాజు పట్టుకున్నాడు. ఎముక పటుక్కుమన్నదని నేను ప్రమాణం చేయలేను కానీ అప్పాజీ మాత్రం మోకాళ్ల మీద కూలాడు.

"నర్సమ్మగారూ" అన్నాడు ఇన్‌స్పెక్టరు, అప్పాజీకి సంకెళ్లు వేస్తూనే. "జీపు మీరు తీసుకెళ్లండి. డ్రైవరుతోపాటు బాలన్నని పంపిస్తాను. ఇతని సంగతి నేను చూస్తాను. కానీ సింగన్నని నాలుగింటికి హాజరుపరచక తప్పదు. సీసా మార్చాడని నేను నిరూపిస్తాను. హత్య చేశాడని చెప్పాలంటే మాత్రం ఆవిడ మాటే కావాలి. శుక్రవారం చుక్క వేసుకోలేదని ఆవిడ సంతకం పెట్టిచ్చిన కాయితం నాలుగింటి లోపు నా చేతికి రాకపోతే జడ్జిగారు సింగన్నని జైలుకే పంపుతారు."

"ముందు కన్ను" అన్నాను. జీపు కదిలింది.

మాకవరపాలెం దాటుతుండగా ఒంటిగంటా పది. కృపామణిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కుడిపాప ఉదయం వేసిన మందుతో ఇంకా ఆవగింజంతే ఉంది. ఎడమపాప మిరియపు గింజంత అయ్యి, తెల్లగుడ్డు ఎర్రబడుతోంది.

"పరిమళా, ఎడం పక్క పోటు మొదలైందమ్మా. కణత దాకా లాగుతోంది. చెట్లన్నీ పొగ పట్టినట్టున్నాయి."

"మాత్ర పని చేస్తుంది. గంటన్నరలో బల్ల మీద ఉంటారు. నేను చూసుకుంటాను" అన్నాను. చూసుకుంటాను కూడా. నేను ఊరికే మాట ఇవ్వను.

"కాయితం తీ" అన్నారు ఆవిడ.

"తరవాత రాద్దాం."

"తరవాత ఈ నొప్పిలో నాకు నోరు పెగుల్తాదో లేదో. అతనికి నాలుగింటికే గదా? తీ. జీపు ఆపొద్దు, నడుస్తుండగానే రాయి."

నోటుబుక్కు మోకాళ్ల మీద పెట్టుకున్నాను. ఆవిడ కళ్లు మూసుకుని, క్లాసులో డిక్టేషన్ చెప్పినట్టు చెప్పారు. ఆ నాలుగు ముక్కలకూ యాస పోయి బడిపంతులమ్మ భాష వచ్చేసింది.

"స్త్రీల సమాజం అధ్యక్షురాలినైన నేను ఏడు శుక్రవారాలు చుక్కలు వేసుకోకుండానే వేసుకున్నట్టు కార్డు మీద అబద్ధం పెట్టాను. ఇది మా డాక్టరుగారికీ, మా సంఘానికీ, అందరికీ తెలియవలసిందే. పోయిన శుక్రవారం కూడా వేసుకోలేదు. అందుకే అప్పాజీ మొహం నాకు స్పష్టంగా కనిపించింది. ఆ గేటు లోంచి సింగన్న రాలేదు." ఒక్క క్షణం ఆగి, "ఆదివారం గుళ్లో కూడా ఇది నేనే చదివి వినిపిస్తాను" అని కలిపారు. అది కాయితం మీద అక్కర్లేదని చెప్పబోయి, రాసేశాను.

పెన్ను చేతికిచ్చి, ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాను. జీపు కుదుపులకి చెయ్యి వణికింది. కుడికన్ను చిట్లించి, పేరంతా పూర్తిగా రాశారు. తాళ్లపాలెం జంక్షన్‌లో నర్సీపట్నం బస్సు ఎదురొచ్చింది. డ్రైవరు హారన్ కొట్టి దాన్ని ఆపించాడు. బాలన్న కాయితాన్ని టోపీలో పెట్టుకుని, టోపీ నెత్తిన బిగించి, పరిగెత్తుకెళ్లి బస్సెక్కాడు. నా వాచీలో ఒంటిగంటా నలభై.

"సంతకం గీత మీదే పడిందా?" అని అడిగారు ఆవిడ, ఎడమకన్ను చేత్తో మూసుకుని.

"పడిందమ్మా" అన్నాను. డ్రైవరుతో, బేగి పోనిమ్మన్నాను.